తుప్పు చెయ్యి

మిషిన్ల నుంచి అప్పుడే దిగిన ముక్క
కొత్త కొడవలి లెక్క ఉంటది.
మెరుస్తుందని మురిసి ముట్టుకుంటె
నెత్తురు చూసినంకనే ఇడుస్తది.

అందుకే ముసఫ్ఫాల మా షెడ్డుల
సీఎన్‌సీ దాటినంక ఒక బల్ల.
బల్ల ముంగట నేను.
ఆకురాయి, ఎమిరీ కాయితం, గీకుడు కత్తి,
కిరసనాయిలు గిన్నె, చింకి గుడ్డ,
ఇంక నా బొటనగోరు.
జీతం కాయితం మీద ఈ పనికి పేరు లేదు,
హెల్పర్ అని ఉంటది.

మొదటి నెల అంచులను సంపి పెట్టిన.
అరిగిన సబ్బు లెక్క గుండ్రంగ చేసి
నునుపైందని నవ్విన.
నియామత్ ఉస్తాద్,
సియాల్‌కోట్‌ల డాక్టర్ల కత్తెరలకు
ముప్పై ఏండ్లు మెరుగు పెట్టిన మనిషి,
ముక్కను వెలుగుకు వట్టి చూసి అన్నడు:
"అంచును సంపకు బేటా.
దాని కోపం తియ్యి. అంతే."

కోపం ఎంతంటె పాయింట్ రెండు మిల్లీమీటర్లు.
రెండు మూడు వెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత.
ఎక్కువ తీస్తె సీలు కూసోదు.
తక్కువ తీస్తె రబ్బరు రింగు తెగి
ఏ ఇసుకదిబ్బల నడుమనో గ్యాసు ఉసూరుమంటది.

అడ్డం బొక్క నిలువు బొక్కల కలిసే కాడ
చీకట్ల ఒక ముల్లు నిలవడి ఉంటది.
కన్ను పోదు. గోరు పోదు.
పుల్లకు దూది చుట్టి తిప్పుత.
పోగు చిక్కితె పని ఉన్నట్టు,
జారితె పని అయినట్టు.
సిరిసిల్లల పదేండ్లు
తెగిన పోగులు అతికిన చేతులు ఇవి.
ఇక్కడ, పోగును తెంపకుమని
ఇనుమును బతిమాలుకుంటున్నయి.

ఆగస్టుల గాలి తడిగుడ్డ.
నలభై ముక్కలు, మొఖం కనవడేటట్టు రుద్దినయి,
ట్రేల పరిచి రూముకు పోయిన.
తెల్లారి రోవెనా టార్చి వట్టుకొచ్చింది.
ఏం అనలే. ట్రే నా దిక్కు తిప్పింది.
ఎనిమిది ముక్కల మీద
గోధుమరంగు బొటనవేలు,
గీతలతోని, నడుమ సుడితోని.

పొద్దుగాల గేటు కాడ
పంచింగు మిషిన్ ఇదే వేలును
మూడుసార్లు కాదన్నది.
ఎమిరీ తిన్న వేలాయె.
గేటు మర్చిపోయినదాన్ని
ఇనుము ఒక్క రాత్రిల బాగ చదువుకున్నది.

జోస్‌కుట్టి సారు అందరి చేతులు చూసిండు.
"కొందరి చెమటల ఉప్పెక్కువ,
అది తిట్టు కాదు" అన్నడు ఉస్తాద్.
అయినా ఆ దినం నుంచి నా పేరు తుప్పు చెయ్యి.
నీలి గ్లౌజులు ఇచ్చిండ్రు.
గ్లౌజుల గోరు గుడ్డిది.
అంచు ఏదో చెప్తనే ఉంటది, నాకు ఇనవడదు.
రోవెనా తిరిగిపోయినంక
ఒక చేతిది తీసి జేబుల వెట్టుకుంట,
ముట్టినంకల్లా నూనె గుడ్డతోని తుడుస్త.

ఏడు ముక్కలు మళ్ళ రుద్దిన.
ఎనిమిదోదానికి లోపలి గాడిల
సగం సుడి మిగిలింది.
దాస్తె దాగు. దాయలే, చూపిచ్చిన.
ఆమె డ్రాయింగు మీద వేలు నడిపిచ్చి
అక్కడ ఏదీ తాకదని చెప్పి,
నూనె రాసి, పచ్చముద్ర గుద్దింది.
ఏ పైపులకు పోయిందో. అడగలే.

నిన్న చాయ్ టైముల ఊకెనే
దూది పోగును
ఒక ముక్క అంచు మీద గుంజిన.
జారింది.
ఉస్తాద్ చెయ్యి మీద గుంజిన.
జారింది, పాలిషు పట్టిన ముసలి చెయ్యి.
నా అరచేతి మీద గుంజిన.
నడుమల చిక్కుకొని
ఎంత ఊదినా ఊడలే.

ఉస్తాద్ చాయ్ గిలాస కింద వెట్టి
రోవెనా గొంతు చేసి అన్నడు:
"రిజెక్ట్!"
నవ్వి నవ్వి ఆయనకు దగ్గొచ్చింది.